మ్యాప్‌లో పిన్ను ఉంది కదా అని ఫోన్ చేయకండి

ఎండాకాలంలో ఫ్రిజ్ ఆగిపోతే బుర్ర పనిచేయదు. ఒక ఆదివారం పొద్దున లేచేసరికి ఐసు కరిగి వంటిల్లంతా నీళ్లు. ఆ టెన్షన్‌లోనే ఫోన్ తీసి మ్యాప్‌లో ఫ్రిజ్ కంపెనీ పేరు, పక్కన ‘సర్వీస్ సెంటర్’ అని కొట్టాను. కూకట్‌పల్లిలో, మా ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో ఒక పిన్ను కనిపించింది. రేటింగ్ 4.8. ఇంకేం, ఫోన్ చేసేశాను.

గంటలో కుర్రాడు వచ్చాడు. వెనక మూత విప్పి, బోర్డు పోయిందన్నాడు. బాగు చేయించి సాయంత్రానికి తెస్తానని బోర్డు తీసుకున్నాడు, 3,800 అడ్వాన్సు యూపీఐలో వేయించుకున్నాడు. డబ్బు పంపేటప్పుడు స్క్రీన్ మీద కంపెనీ పేరు కాకుండా ఎవరో మనిషి పేరు వచ్చింది. అడిగితే ‘మా మేనేజర్ అండీ’ అన్నాడు. నేను అక్కడే ఆగాల్సింది. సాయంత్రం నుంచి ఫోన్ స్విచాఫ్.

మర్నాడు పిన్ను చూపించిన చోటికి బండి మీద వెళ్లాను. కింద టిఫిన్ సెంటరు, పైన కర్టెన్ల షాపు. నేను నోరు తెరవకముందే టిఫిన్ సెంటర్ ఆయన ‘ఫ్రిజ్జా, వాషింగ్ మెషినా?’ అని అడిగాడు.

మ్యాప్‌లోనే వీధి ఫొటోలు చూపించే స్ట్రీట్ వ్యూ హైదరాబాద్‌లో 2022 నుంచి ఉంది. ఫోన్ చేసే ముందు దాన్ని ఒక్కసారి తెరిచి ఉంటే ఆ ఇడ్లీ పాత్రలు నాకు ఇంట్లోంచే కనిపించేవి. రివ్యూలైనా సరిగ్గా చూడలేదు. ‘కొత్తవి ముందు’ అని మార్చి చూస్తే వరసగా ఒంటి స్టార్లు, తిట్లు. ఐదు స్టార్లన్నీ రెండు మూడు రోజుల్లో పడ్డవే, రాసినవాళ్లకు అదొక్కటే రివ్యూ. ఇంకా కిందికి పోతే ఒకాయన బిర్యానీ బాగుందని రాశాడు! ఎప్పుడో మూతపడ్డ హోటల్ పిన్నుకే పేరూ నంబరూ మార్చేసినట్టున్నారు. మ్యాప్‌లో వివరాలు మార్చమని ఎవరైనా సూచించవచ్చు, వీళ్లకు అదే సందు.

ఇది కొత్త మోసమూ కాదు. 2018లోనే మ్యాప్‌లో తమ బ్రాంచీల నంబర్లు మార్చేశారని ఒక ప్రభుత్వ బ్యాంకు మహారాష్ట్ర సైబర్ పోలీసులకు ఫిర్యాదు చేసింది. ఈ సంగతి నాకు డబ్బు పోయాక, న్యూస్‌లో వెతికితే తెలిసింది. మొదట ఇంగ్లిష్‌లో ‘ఫేక్ సర్వీస్ సెంటర్’ అని కొడితే మన ఊరి వార్తలు పెద్దగా దొరకలేదు. మన పేపర్లు ఆ మాట రాయవు కదా. ‘నకిలీ కస్టమర్ కేర్’, ‘టోకరా’, ‘కేటుగాళ్లు’ అని తెలుగులో కొట్టి, పక్కన ఊరి పేరు పెట్టి, టూల్స్‌లో ‘గత ఏడాది’ ఎంచుకోండి. జిల్లా పేజీల వార్తలు వరసగా వస్తాయి. ఫోన్ నంబరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి కూడా వెతకండి. ఒకే నంబరు నాలుగు కంపెనీల పేర్లతో కనిపిస్తే దాని జోలికి పోవద్దు.

అసలు కంపెనీ టోల్‌ఫ్రీ నంబరు ఎక్కడుందో తెలుసా? ఫ్రిజ్ పక్కన అంటించిన స్టిక్కర్ మీద. నాలుగేళ్లుగా అక్కడే ఉంది, నేనే చూడలేదు. మీ ఇంట్లో వస్తువులన్నిటి మీదా ఉన్న నంబర్లు ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. నేను సిగ్గుపడి ఒకరోజు ఆలస్యం చేశాను. ఫిర్యాదు తీసుకున్నారు, డబ్బు మాత్రం ఇంకా రాలేదు. మ్యాప్‌లో ‘ఈ స్థలం లేదు’ అని రిపోర్టు కొట్టాను, వారానికి ఆ పిన్ను పోయింది.

నిన్న రాత్రి అదే నంబరు మళ్లీ వెతికాను. ఇప్పుడు మియాపూర్‌లో ఉంది, వాషింగ్ మెషిన్ కంపెనీ పేరుతో. రేటింగ్ 4.9.