బ్రాడీపేట రీడింగ్ రూము: పొద్దున సరే, మధ్యాహ్నమే కష్టం

నీట్ (మెడిసిన్ ప్రవేశ పరీక్ష) లాంగ్ టర్మ్, అంటే మళ్లీ రాయడానికి ఇంకో ఏడాది ప్రిపరేషన్, ఇంటి దగ్గరుండే చదువుదామని ఫిబ్రవరిలో గుంటూరు బ్రాడీపేటలో ఒక రీడింగ్ రూములో చేరాను. నెలకి 1,200. చెక్క అడ్డాలతో ఎవరి సీటు వాళ్లదే, ప్లగ్ పాయింటు ఉంది. పొద్దున ఆరింటికే తీస్తారు. బాత్రూమ్ శుభ్రంగా ఉంటుంది, మా ఆడపిల్లలకి అదే పెద్ద విషయం.

గొడవంతా మధ్యాహ్నమే. నీట్ జరిగేది రెండు నుంచి ఐదు వరకు. 180 ప్రశ్నలకి 180 నిమిషాలు, ఓఎంఆర్‌లో (జవాబుల షీటు) గుండ్రాలు దిద్దడం కూడా అందులోనే. అందుకే మాక్ టెస్టులు ఆ టైముకే పెట్టుకున్నాను. వీళ్లేమో ఒంటిగంట నుంచి మూడింటి దాకా ఏసీ ఆపేస్తారు. అసలే ఏప్రిల్ ఎండ! ఫ్యాను వేస్తే ఓఎంఆర్ ఎగిరిపోతుంది, ఆపితే చెమటకి తడుస్తుంది. ఆ చిరాకులో ఫిజిక్స్‌లో ఒక ప్రశ్న వదిలేసి, దిద్దేటప్పుడు వరస తప్పాను. వచ్చిన జవాబులే 11 తప్పయ్యాయి. ఒక్కోదానికి రావలసిన నాలుగూ పోయి, పైన ఒకటి కోత. మొత్తం 55 మార్కులు!

పక్క సీటు అబ్బాయిది ఈఏపీసెట్, ఇంజినీరింగ్ లాంటి కోర్సులకి రాష్ట్ర ప్రవేశ పరీక్ష. వాళ్లకి నెగెటివ్ మార్కుల్లేవు కాబట్టి తెలియనివి కూడా ధైర్యంగా పెట్టేస్తాడు. ఆ అలవాటు నాకు అంటకుండా చూసుకోవడం ఇంకో పని.

ఓనర్‌గారికి చెబితే "చెమట పడితేనే కదమ్మా సీటొచ్చేది" అన్నారు. ఒళ్లు మండింది. కానీ మర్నాటి నుంచి రెండింటికే ఏసీ వేశారు, అదీ చెప్పాలి.

చేరేవాళ్లు ఫ్యాను కింద కాకుండా మూల సీటు అడగండి. ప్యాడ్, రెండు క్లిప్పులు మర్చిపోకండి.