గ్లకోమా: రోజూ చుక్కలా, ఒకసారి లేజరా?

మా ఇంట్లో గ్లకోమా, అంటే కంటి నరం దెబ్బతిని మెల్లగా చూపు పోయే జబ్బు, ఇద్దరికి ఉంది. అమ్మ చుక్కల మందు వేసుకుంటుంది. మెహిదీపట్నంలో ఉండే బాబాయి లేజర్ చేయించుకున్నాడు. పోయిన చూపును రెండూ తిరిగి తేలేవు. కంటిలో ఒత్తిడి తగ్గించి ఉన్నదాన్ని కాపాడతాయి, అంతే.

అమ్మ మందు రాత్రికి ఒక్క చుక్కే. వినడానికి తేలిక. కానీ చెయ్యి వణికి చుక్క చెంప మీద పడుతుంది. పెళ్లికని వరంగల్ వెళ్తే సీసా ఇక్కడే ఫ్రిజ్‌లో ఉండిపోతుంది. కళ్లు ఎర్రబడితే "రాత్రి నిద్ర లేదా వదినా?" అని పక్కింటావిడ అడుగుతుంది. నొప్పి లేని జబ్బు కదా, మందు మానేసినా వెంటనే ఏమీ తెలియదు. అసలు ప్రమాదం అక్కడే.

లేజర్ అనగానే బాబాయి కత్తి, కుట్లు ఊహించుకుని టెన్షన్ పడ్డాడు. తీరా మత్తు చుక్క వేసి కొద్ది నిమిషాల్లో ముగించారు; అదే రోజు ఇంటికొచ్చి పప్పుచారు అన్నం తిన్నాడు. అయితే కొన్నేళ్లకు దాని ప్రభావం తగ్గొచ్చు, మళ్లీ చేయాల్సి రావొచ్చు.

బ్రిటన్‌లో 718 మందిపై చేసి 2019లో ప్రచురించిన 'లైట్' అధ్యయనంలో, లేజర్‌తో మొదలుపెట్టినవాళ్లలో దాదాపు 74 శాతం మందికి మూడేళ్లకూ చుక్కల అవసరం రాలేదు. తమాషా ఏమిటంటే, జీవన నాణ్యత ప్రశ్నావళిలో మాత్రం లేజర్‌తో మొదలుపెట్టినవాళ్లకూ, చుక్కలతో మొదలుపెట్టినవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అమ్మ తిప్పలు రోజూ చూసే నా ఓటు లేజర్‌కే, కంటిలోని కోణం (లోపలి ద్రవం బయటికి పోయే దారి) తెరుచుకునే ఉందని డాక్టర్ చెబితే. ఉబ్బసం ఉన్నవాళ్లకు గ్లకోమాకు వాడే టిమోలాల్ అనే చుక్కలు ఎలాగూ పడవు.