డెన్మార్క్ స్ట్రైకర్‌కు ఏది మేలు: ముందే పెద్ద క్లబ్బా, ఒక్కో మెట్టూ ఎక్కడమా?

డెన్మార్క్ జనాభా దాదాపు 60 లక్షలు. అంత చిన్న దేశంలో గోల్స్ కొట్టే కుర్రాడు ఒకడు కనిపిస్తే చాలు, మీసాలు కూడా సరిగా రాకముందే ఇంగ్లండ్, జర్మనీ, ఇటలీ, నెదర్లాండ్స్ క్లబ్బుల వాళ్లు వచ్చి వాడి ఆట చూసి వెళ్తుంటారు. అక్కడి సూపర్‌లీగా మంచి లీగే. కానీ మంచి స్ట్రైకర్‌ను ఎక్కువ కాలం నిలుపుకునేంత డబ్బు దాని దగ్గర లేదు. దేశం దాటడం ఎలాగూ తప్పదు. ఎప్పుడు, ఎక్కడికి అన్న దగ్గరే చిక్కు.

ఒక దారిలో నిక్లాస్ బెంట్‌నర్ వెళ్లాడు: పదహారేళ్లకే యూరప్‌లోని అతి పెద్ద క్లబ్బుల్లో ఒకటి. ఇంకో దారిలో యోన్ డాల్ టొమాసన్ వెళ్లాడు: ముందు చిన్న క్లబ్బు, తర్వాత కాస్త పెద్దది, ఆ తర్వాత మిలాన్. నా మొగ్గు టొమాసన్ దారి వైపే. అయితే అందుకు చాలామంది చెప్పే కారణం వేరు, నాకు కనిపించే కారణం వేరు. టొమాసన్ బుద్ధిమంతుడు, బెంట్‌నర్ గర్విష్ఠి, అందుకే ఒకడు నిలిచాడు, ఒకడు పోయాడు అంటుంటారు. ఆ మాటలో కొంత నిజం ఉండొచ్చు కానీ, ఇద్దరి కెరీర్లూ వరసగా చూస్తే కథ అంత సులువుగా తేలదు.

ముందు బెంట్‌నర్ సంగతి. 1988లో కోపెన్‌హాగన్‌లో పుట్టాడు. 2004లో ఆర్సెనల్‌కు వెళ్లాడు. అప్పుడే ఆ జట్టు సీజన్ మొత్తంలో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడకుండా టైటిల్ గెలిచి ఉంది. ముందు వరసలో థియరీ ఆన్రీ, డెనిస్ బెర్గ్‌క్యాంప్. ఆ ఇద్దరినీ రోజూ ప్రాక్టీస్‌లో దగ్గర నుంచి చూడటం ఏ కుర్రాడికైనా పెద్ద భాగ్యమే, కాదనను. కానీ వాళ్లుండగా మొదటి జట్టులో చోటెక్కడ? 2006-07లో రెండో శ్రేణిలో ఉన్న బర్మింగ్‌హామ్‌కు లోన్ మీద, అంటే కొంతకాలానికి అరువుగా, వెళ్లి 42 లీగ్ మ్యాచ్‌లలో 11 గోల్స్ కొట్టాడు. ఆ క్లబ్బు ప్రీమియర్ లీగ్‌కు తిరిగొచ్చింది. ఆ సీజన్ మొదట్లోనే, పద్దెనిమిదేళ్లకు, డెన్మార్క్ తరఫున మొదటి మ్యాచ్‌లో పోలండ్ మీద గోల్ కొట్టాడు. అంటే చేతగానివాడైతే కాదు.

2007 డిసెంబర్ 22న టాటెన్‌హామ్‌తో మ్యాచ్ చూసినవాళ్లకు ఆ నిమిషం ఇంకా గుర్తుండే ఉంటుంది. స్కోరు 1-1. కాసేపటి క్రితమే రాబీ కీన్ పెనాల్టీని ఆర్సెనల్ గోల్‌కీపర్ అల్మూనియా ఆపాడు. ఆర్సెనల్‌కు కార్నర్ దొరికింది. అప్పుడే బెంట్‌నర్‌ను సబ్‌స్టిట్యూట్‌గా దింపారు. నేరుగా బాక్స్‌లోకి వెళ్లాడు, ఫాబ్రెగాస్ కార్నర్ కొట్టాడు, ఇతను ఎగిరి తలతో బంతిని లోపలికి పంపాడు. ఆట మళ్లీ మొదలై రెండు సెకన్లు కూడా కాలేదు. ప్రీమియర్ లీగ్‌లో ఏ సబ్‌స్టిట్యూట్ కూడా అంత త్వరగా గోల్ కొట్టలేదు.

అతని ఆర్సెనల్ రోజులన్నీ ఇలాగే గడిచాయి. ఒక వారం ఆకాశంలో, ఇంకో వారం నేల మీద. 2010 మార్చిలో బర్న్‌లీ మీద వరసగా అవకాశాలు పాడు చేసి తిట్లు తిన్నాడు. మూడు రోజులకే ఛాంపియన్స్ లీగ్‌లో పోర్టో మీద హ్యాట్రిక్ కొట్టాడు, ఆర్సెనల్ 5-0తో గెలిచింది. మరుసటి ఏడాది మార్చిలో బార్సిలోనా మైదానంలో, మ్యాచ్ చివర్లో, జాక్ విల్షేర్ ఇచ్చిన పాస్‌తో గోల్ ముందుకు చేరాడు. ఆ ఒక్క గోల్ పడి ఉంటే ఆర్సెనల్ ముందుకు వెళ్లేది. కానీ మొదటి టచ్ బరువైంది, మాస్కెరానో కాలు అడ్డొచ్చింది, బంతి పోయింది. ప్రతి వారం 90 నిమిషాలు ఆడే స్ట్రైకర్‌కు అలాంటి టచ్ ఒకటి తప్పితే వచ్చే శనివారం సర్దుకుంటాడు. వంతు కోసం కాచుకుని ఉండేవాడికి అదొక్కటే జనం నోళ్లలో మిగిలిపోతుంది.

ఆ తర్వాత సండర్లాండ్‌కు లోన్, యువెంటస్‌కు లోన్. యువెంటస్‌లో ఒక్క గోల్ కూడా లేదు. 2012 యూరోలో పోర్చుగల్ మీద రెండు గోల్స్ కొట్టి కూడా, స్పాన్సర్ పేరున్న లోదుస్తు కెమెరాలకు చూపించినందుకు 1 లక్ష యూరోల జరిమానా, ఒక మ్యాచ్ నిషేధం తెచ్చుకున్నాడు. గోల్స్ సంగతి వెనక్కి పోయి జరిమానా సంగతే వార్త అయింది. ఇలాంటివి అతని స్వయంకృతమే.

ఇప్పుడు టొమాసన్. 1976లో పుట్టాడు. కోగె అనే చిన్న క్లబ్బులో ఎదిగి, 1994 చివర్లో, పద్దెనిమిదేళ్లకు నెదర్లాండ్స్‌లోని హీరెన్‌వీన్‌కు వెళ్లాడు. చూశారా, ఇతను కూడా పెద్ద వయసులో ఏం వెళ్లలేదు. అందుకే వయసు మీద నాకు పెద్ద పట్టింపు లేదు. తేడా అంతా వెళ్లిన చోటులో ఉంది. హీరెన్‌వీన్ అప్పటికి ఏడాది క్రితమే పై లీగ్‌కు వచ్చిన చిన్న ఊరి జట్టు. కోచ్ ఫోపె డె హాన్ ఈ కుర్రాడిని నేరుగా మొదటి జట్టులో ఆడించాడు. 78 లీగ్ మ్యాచ్‌లలో 37 గోల్స్. టొమాసన్ బలంతో తోసుకుపోయే రకం కాదు. అసలు స్ట్రైకర్‌కు కాస్త వెనక తిరుగుతూ, డిఫెండర్ల కళ్లు బంతి మీదున్నప్పుడు సందు చూసి బాక్స్‌లోకి జారిపోయే రకం. ఆ నేర్పు మ్యాచ్‌లు ఆడితేనే వస్తుంది, ఎంత గొప్ప క్లబ్బైనా ప్రాక్టీస్ మైదానంలో అబ్బేది కాదు.

అంత పద్ధతిగా ఎదిగినవాడు కూడా 1997లో న్యూకాసిల్‌కు వెళ్లి బోర్లా పడ్డాడు. ఈ భాగం మీద కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మెట్ల దారిని పొగిడేవాళ్లంతా దీన్ని దాటేసి పోతుంటారు. ఆ జట్టు ప్రధాన స్ట్రైకర్ అలన్ షియరర్ వెనక ఆడతాడని అతన్ని తెచ్చుకున్నారు. సీజన్ మొదలు కాకముందే షియరర్ చీలమండకు పెద్ద గాయమైంది, జనవరి దాకా రాలేకపోయాడు. ఇంకో స్ట్రైకర్ లెస్ ఫెర్డినాండ్‌ను అప్పుడే టాటెన్‌హామ్‌కు అమ్మేశారు. ఇరవై ఏళ్ల కుర్రాడు ఒక్కసారిగా ముందు వరసలో నిలబడి పెద్ద పెద్ద డిఫెండర్లతో ఢీకొట్టాల్సి వచ్చింది. షెఫీల్డ్ వెన్స్‌డేతో మొదటి మ్యాచ్ తొలి నిమిషాల్లోనే గోల్‌కీపర్ ఒక్కడే ఎదురుగా ఉన్న అవకాశం పోగొట్టుకున్నాడు. ఆ టెన్షన్ సీజన్ అంతా వదల్లేదు. 23 లీగ్ మ్యాచ్‌లలో 3 గోల్స్. బెంట్‌నర్ చాలా ఇంగ్లిష్ సీజన్ల కంటే ఇది నయమేం కాదు.

ఇద్దరి దారులూ అసలు విడిపోయింది ఆ తర్వాతే. టొమాసన్ ఇంగ్లండ్‌లోనే ఇంకో క్లబ్బు చూసుకోకుండా, 1998లో ఒక మెట్టు దిగి మళ్లీ నెదర్లాండ్స్‌కు, ఫెయెనూర్డ్‌కు వెళ్లాడు. మొదటి సీజన్‌లోనే లీగ్ టైటిల్. 2002 మే 8న రోటర్‌డామ్‌లో, సొంత మైదానంలో, జర్మనీ జట్టు బొరుస్సియా డోర్ట్‌మండ్‌తో యూరప్ క్లబ్బుల టోర్నీ యుఎఫా కప్ ఫైనల్. అరగంట గడిచిందో లేదో, డోర్ట్‌మండ్ సీనియర్ డిఫెండర్ యుర్గెన్ కోలర్ టొమాసన్‌ను పడేసి రెడ్ కార్డ్‌తో బయటికి పోయాడు. కోలర్ కెరీర్‌లో అదే చివరి మ్యాచ్. ఆ పెనాల్టీని ఫెయెనూర్డ్ స్ట్రైకర్ వాన్ హూయ్‌డాంక్ గోల్ చేశాడు, కాసేపటికి ఫ్రీ కిక్‌తో ఇంకోటి కొట్టాడు. విరామం తర్వాత డోర్ట్‌మండ్ ఒకటి తిరిగి ఇవ్వగానే, 50వ నిమిషంలో టొమాసన్ మూడోది వేశాడు. చివరికి ఫెయెనూర్డ్ 3-2తో గెలిచింది. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ టొమాసనే.

ఆ ఫైనల్‌లో ఫెయెనూర్డ్ తరఫున పద్దెనిమిదేళ్ల కుర్రాడొకడు మొదటి నుంచీ ఆడాడు. పేరు రాబిన్ వాన్ పెర్సీ. 2004లో అతను కూడా ఆర్సెనల్‌కే వచ్చాడు, బెంట్‌నర్ వచ్చిన ఏడాదే. ఒకరికి ఇరవై ఏళ్లు, యూరప్ ఫైనల్ ఆడిన అనుభవం ఉంది. ఇంకొకరికి పదహారేళ్లు, పెద్దల మ్యాచ్‌ల అనుభవమే లేదు. తర్వాతి ఏడేళ్లలో ముందు వరసలో చోటు వాన్ పెర్సీకే దక్కింది. వాన్ పెర్సీ ప్రతిభ వేరు, నిజమే. అయినా ఒకే క్లబ్బు, ఒకే కోచ్ వెంగర్, ఒకే ఏడాది. ఇంతకన్నా దగ్గరి పోలిక ఫుట్‌బాల్‌లో దొరకడం కష్టం.

మిలాన్‌లో టొమాసన్ కూడా బెంచ్ మీద కూర్చున్నాడు కదా అని అడగొచ్చు. కూర్చున్నాడు. ముందు షెవ్‌చెంకో, ఇన్జాగి ఉన్నారు, తర్వాత క్రెస్పో వచ్చాడు. కానీ అప్పటికి అతనికి పాతికేళ్లు దాటాయి, తన ఆట ఏమిటో తనకు తెలుసు. అందుకే దొరికిన పది నిమిషాల్లోనూ పని జరిగింది. 2003 ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్‌లో అయాక్స్ మీద చివరి క్షణాల్లో గీత దాటించిన బంతి అతనిదే. ఆ ఏడాది మిలాన్ యూరప్ ఛాంపియన్ అయింది. మరుసటి సీజన్‌లో లీగ్ టైటిల్, అందులో అతనివి 12 గోల్స్. 2005 ఇస్తాంబుల్ ఫైనల్‌లో చివర్లో దిగి, మిలాన్ ఓడిపోయిన ఆ పెనాల్టీ షూటౌట్‌లో కూడా తన వంతు గోల్ చేశాడు. పద్దెనిమిదేళ్లప్పుడు బెంచ్ మీద కూర్చోవడం, పాతికేళ్లు దాటాక కూర్చోవడం ఒకటి కావు. మొదటిది నేర్చుకునే కాలాన్ని తినేస్తుంది.

దేశం తరఫున లెక్కలు చూస్తే టొమాసన్‌వి 112 మ్యాచ్‌లలో 52 గోల్స్. వందేళ్ల నాటి పౌల్ నీల్సన్‌తో సమానంగా డెన్మార్క్ రికార్డు. 2002 ప్రపంచకప్‌లో అతనొక్కడే నాలుగు కొట్టాడు. బెంట్‌నర్‌వి 81 మ్యాచ్‌లలో 30. చాలామంది అనుకునేంత దూరం లేదు ఈ రెండింటికీ. క్లబ్బులో వంతు కోసం చూసిన మనిషే డెన్మార్క్ ఎర్ర చొక్కాలో మొదటి ఎంపిక స్ట్రైకర్‌గా దిగి గోల్స్ కొట్టాడు. 2015లో అమెరికా మీద హ్యాట్రిక్ కూడా అందులోదే. ఇంకా బలమైన సాక్ష్యం నార్వేలో దొరుకుతుంది. 2017లో రోసెన్‌బర్గ్‌కు వెళ్లి, ప్రతి వారం ఆడి, 19 గోల్స్‌తో ఆ లీగ్ టాప్ స్కోరర్ అయ్యాడు. నార్వే లీగ్ స్థాయి ఇంగ్లండ్‌ది కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ మెట్టు దిగడం అప్పటికి 29 ఏళ్లొచ్చిన మనిషి చేశాడు. 21కో 22కో చేసి ఉంటే బాగుండేదని అతని ఆట చూసిన ప్రతిసారీ అనిపిస్తుంది.

పడ్డాక మెట్టు దిగి నిలదొక్కుకోవడం డెన్మార్క్‌లో టొమాసన్‌తో మొదలైంది కాదు. ప్రెబెన్ ఎల్కేర్ 1976లో జర్మనీలోని కోల్న్‌కు వెళ్లి అక్కడ నిలవలేకపోయాడు. 1978లో బెల్జియంలోని లోకరెన్ అనే చిన్న క్లబ్బుకు వెళ్లి ఆరేళ్లు ఆడాడు. 1984లో వెరోనాకు వెళ్లగానే, ఎవరూ ఊహించని ఆ జట్టు ఇటలీ ఛాంపియన్ అయింది. ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అవార్డులో, 1985లో ఫ్రాన్స్ ఆటగాడు ప్లాటిని తర్వాతి స్థానం అతనిదే.

ఇంట్లోనే ఉండిపోవడం మూడో దారి. ఎబ్బె సాండ్ 1999 దాకా, అంటే దాదాపు 27 ఏళ్ల వరకూ డెన్మార్క్ క్లబ్బు బ్రోండ్‌బీలోనే ఉన్నాడు. 1998లో క్యాన్సర్ బయటపడితే ఆపరేషన్ చేయించుకుని మళ్లీ మైదానంలోకి వచ్చాడు. జర్మనీలోని షాల్కెకు వెళ్లి 2000-01లో 22 గోల్స్‌తో అక్కడి బుందెస్‌లీగా టాప్ స్కోరర్లలో ఒకడయ్యాడు. ఆ సీజన్ చివరి రోజున టైటిల్ దక్కిందనుకున్న నిమిషాల వ్యవధిలోనే బయర్న్ మ్యూనిక్ లాక్కుపోయింది. గొప్ప కథే, కానీ దీన్ని కుర్రాళ్లకు సలహాగా చెప్పలేను. ఇప్పుడు ఏ డెన్మార్క్ క్లబ్బూ టాప్ స్కోరర్‌ను 27 దాకా అమ్మకుండా ఉండలేదు.

ఇక రాస్ముస్ హోయ్‌లుండ్. పైకి చూస్తే ఇతనిదీ మెట్ల దారే: కోపెన్‌హాగన్, 2022 జనవరిలో ఆస్ట్రియాలోని స్టుర్మ్ గ్రాజ్, ఆగస్టులో ఇటలీలోని అటలాంటా, 2023 ఆగస్టులో మాంచెస్టర్ యునైటెడ్. కానీ ఏ మెట్టు మీదా నిలబడలేదు. గ్రాజ్‌లో ఆరేడు నెలలు, అటలాంటాలో ఒక్క సీజన్, అందులో 9 లీగ్ గోల్స్. 2023 మార్చిలో డెన్మార్క్ తరఫున రెండు మ్యాచ్‌లలో ఐదు గోల్స్ కొట్టేసరికి ధర ఆకాశానికి వెళ్లింది. అదనపు మొత్తాలు కలుపుకుని 7.2 కోట్ల పౌండ్లు పెట్టి యునైటెడ్ కొనుక్కుంది. ఇతని సమస్య బెంట్‌నర్ సమస్యకు తిరగబడినది. బెంట్‌నర్‌కు చోటు దొరకలేదు. ఇరవై ఏళ్ల హోయ్‌లుండ్‌కు మొత్తం చోటూ ఇచ్చేశారు, పక్కన భారం పంచుకునే అనుభవజ్ఞుడైన సెంటర్ ఫార్వర్డ్ నిలకడగా లేడు. ఛాంపియన్స్ లీగ్ గ్రూప్‌లో ఐదు గోల్స్ కొట్టినవాడికి ప్రీమియర్ లీగ్‌లో మొదటి గోల్ కోసం డిసెంబర్ 26 దాకా ఆగాల్సి వచ్చింది. మొదటి సీజన్ లీగ్‌లో 10, రెండో సీజన్‌లో 4. న్యూకాసిల్‌లో టొమాసన్‌కు జరిగిందే మరింత పెద్ద ధరతో ఇక్కడా జరిగింది.

అందుకే ఎవరైనా అడిగితే, క్లబ్బు పేరు చూడొద్దు, చొక్కా నంబరు కూడా చూడొద్దు అంటాను. ఆ కోచ్ వచ్చే రెండేళ్లు నిన్ను ఏ స్థానంలో ఎన్ని నిమిషాలు ఆడించబోతున్నాడో, నీకన్నా పెద్ద స్ట్రైకర్ పక్కన ఉంటాడో లేదో ముందు తేల్చుకో. ఆ రెండూ ఆర్సెనల్‌లో దొరికితే పదహారేళ్లకైనా వెళ్లొచ్చు. దొరకకపోతే హీరెన్‌వీనే మేలు. డబ్బు విషయంలో పెద్ద క్లబ్బుదే పైచేయి, ఒక్క గాయంతో కెరీర్ ముగిసే ఆటలో ఆ భద్రత చిన్నది కాదు. కానీ ఆటే ముఖ్యమనుకునేవాడికి మాత్రం నేను టొమాసన్ దారే చెబుతాను.

2025 సెప్టెంబర్‌లో హోయ్‌లుండ్ ఇటలీలోని నేపుల్స్ నగర జట్టు నపోలీకి లోన్ మీద వెళ్లాడు, జట్టు ఛాంపియన్స్ లీగ్‌కు అర్హత సాధిస్తే పూర్తిగా కొనుక్కోవాలన్న షరతుతో. ఫియొరెంతీనా మీద మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు. కొన్ని వారాలకు స్పోర్టింగ్ మీద రెండు కొట్టాడు, రెండింటికీ పాస్ ఇచ్చింది కెవిన్ డి బ్రూయ్నే. అప్పటికి అతనికి 22 ఏళ్లు, టొమాసన్ న్యూకాసిల్ వదిలి రోటర్‌డామ్ చేరిన వయసు దాదాపు అదే. టొమాసన్ అక్కడ నాలుగేళ్లు ఉన్నాడు, ఎల్కేర్ లోకరెన్‌లో ఆరేళ్లు ఉన్నాడు. ఈసారైనా ఒకటి రెండు మంచి నెలలు చూసి ఇంకో ఇంగ్లిష్ క్లబ్బు రాగానే బ్యాగు సర్దుకోకుండా, హోయ్‌లుండ్ కనీసం మూడు సీజన్లు నేపుల్స్‌లోనే ఆడాలి.