పదివేల పీపీఎం వేపమందు: గుంటూరు గులాబీలకు ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు

గుంటూరులో ఏ పురుగుమందుల కొట్టుకెళ్ళి "గులాబీ ఆకులు ముడుచుకుపోతున్నాయండీ" అని చెప్పినా, చేతికొచ్చేది చాలావరకు మిరపకిచ్చే మందే. అందులో తప్పు లేదు. మిరపలో పైముడత తెచ్చే తామర పురుగు, సిర్టోత్రిప్స్ డార్సాలిస్, గులాబీని కూడా వదలదు. కాకపోతే మిద్దె మీద పది కుండీలు పెట్టుకున్నవాళ్ళకి ఎకరాల లెక్కన తయారైన సీసా ఎందుకు? పిల్లలు తిరిగే చోట, పూలు కోసి దేవుడికి పెట్టే చోట అంత ఘాటు విషం అసలెందుకు? అలాంటివాళ్ళు ముందు కొనవలసింది 10,000 పీపీఎం (పదిలక్షల భాగాల్లో పదివేల భాగాల అసలు మందున్న) వేపమందు. మంచి సరుకే. అయితే దీన్ని తిట్టుకునేవాళ్ళలో చాలామంది పురుగుకు కొట్టాల్సిన మందును తెగులుకు కొట్టినవాళ్ళే.

సీసా మీద ముందుగా చూడాల్సింది అజాడిరక్టిన్ శాతం, అంటే వేపలో పురుగు మీద పనిచేసే అసలు పదార్థం ఎంతుందన్నది. 1 శాతం ఉంటే 10,000 పీపీఎం, 0.15 శాతం ఉంటే 1500 పీపీఎం. 1500 రకం లీటరు నీటికి 5 మి.లీ. పడుతుంది, 10,000 రకం 2 మి.లీ. చాలు. పీపీఎం సంగతి రాయకుండా "సేంద్రియం", "వేప శక్తి" అని మాత్రమే అచ్చేసిన సీసాలు కొనకండి. తయారీ తేదీ కూడా చూసుకోండి, అజాడిరక్టిన్ నిలవుంటే బలం తగ్గుతుంది. కొట్టు ముందు ఎండ పడే అరలో ఉన్న సీసా వద్దని చెప్పి లోపలినుంచి తెప్పించుకోండి. గానుగ వేపనూనె చవకే కానీ అందులో అజాడిరక్టిన్ ఎంతుందో చెప్పలేం. పైగా సబ్బు కలపకపోతే అది నీటిలో కలవదు.

ఇంటికి తెచ్చాక గాజు గ్లాసు నీళ్ళలో నాలుగు చుక్కలు వేసి చూడండి. మంచి మందు వెంటనే పాలలా తెల్లగా విచ్చుకుంటుంది. కాసేపటికి పైన నూనె చుక్కలు తేలితే ఆ సీసా వాపసిచ్చేయండి, ఎందుకంటే ఆ నూనె చుక్క పడిన చోటల్లా ఆకు మాడుతుంది. ఊళ్ళో చాలా బోర్లలో ఉప్పునీళ్ళే కాబట్టి ఇదే పరీక్ష మీ నీటికీ చేయాలి. నీళ్ళలో క్షారం ఎక్కువైతే అజాడిరక్టిన్ త్వరగా విరిగిపోతుంది. కుళాయి నీళ్ళు వాడండి, లేదా బోరు నీళ్ళలో లీటరుకు నాలుగైదు చుక్కల నిమ్మరసం పిండండి. కలిపిన మందు ఆ పూటకే, మర్నాటికి దాచుకుంటే పనిచేయదు.

ఇది నిజంగా ఉపయోగపడేది తామర పురుగు మీద. మొగ్గ విచ్చుకోకుండా బిగుసుకుపోవడం, రేకుల అంచులు గోధుమరంగుకు తిరగడం, లేత ఆకు ముడుచుకుని గరుకుగా, కాస్త కాలినట్టు కనిపించడం దాని గుర్తులు. తెల్లకాగితం మీద మొగ్గను వంచి వేలితో రెండుసార్లు తట్టండి. 1 మి.మీ. పొడవున్న, గడ్డిరంగు సన్నని గీతల్లాంటివి కదిలితే అదే. ముందు పాడైన మొగ్గలను కోసి కవరులో మూట కట్టి పారేయండి. లోపల దాక్కున్న పురుగుకు ఏ పిచికారీ తగలదు. తరవాత 2 మి.లీ. లెక్కన కలిపి, ఎండ పూర్తిగా తగ్గాక చిగుళ్ళు, మొగ్గలు, ఆకుల అడుగు తడిసేలా కొట్టండి. ఎండలో కొడితే మందు విరుగుతుంది, ఆకూ మాడుతుంది. వారానికొకటి చొప్పున మూడు సార్లు కొట్టాల్సిందే, ఎందుకంటే కణజాలంలో ఉన్న గుడ్లకూ మట్టిలో కోశస్థ దశలో ఉన్నవాటికీ ఇది తగలదు. కుండీలో రాలిన రేకులు, ఆకులు తీసేసి పైమట్టిని కాస్త కదపండి.

మర్నాడు పురుగు బతికే కనిపిస్తుంది. కంగారు పడొద్దు. అజాడిరక్టిన్ పురుగును అక్కడికక్కడే చంపే మందు కాదు. మేయడం మాన్పిస్తుంది, కుబుసం విడవనివ్వదు. ఫలితం నాలుగైదు రోజులకు కొత్త చిగురులో కనిపిస్తుంది. మూడు పిచికారీల తరవాతా మొగ్గలు మాడుతూనే ఉంటే స్పినోసాడ్ 45 ఎస్సీ (45 శాతం మందున్న ద్రవం) లీటరుకు 0.3 మి.లీ. కొట్టండి. అదీ సాయంత్రమే, తేనెటీగలు తిరగని వేళ.

పేనుబంకకీ వేపమందు బాగానే పనిచేస్తుంది. లేత కొమ్మకు ఆకుపచ్చగా అతుక్కుని, చీమలు ఎక్కిదిగుతుంటే అదే. ముందు గట్టి నీళ్ళధారతో కడిగేస్తే సగం పని అయిపోతుంది. పిండినల్లి మీది మైనపు పూతను మాత్రం వేపమందు తేలిగ్గా దాటలేదు. దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచి, ఆ తరవాత కొట్టాలి.

ఎర్రనల్లి దగ్గర దీని పని సగమే. మార్చి నుంచి జూన్ వరకు ఇక్కడి వేడికి నల్లి విజృంభిస్తుంది. ఆకు పైన సూదితో పొడిచినట్టు తెల్లచుక్కలు, అడుగున సాలెగూడు లాంటి సన్నని గూడు. గూడు కనిపించక ముందు అయితే రెండు రోజులకోసారి ఉదయాన్నే ఆకుల అడుగు కడుగుతూ, వారానికోసారి సాయంత్రం వేపమందు కొడితే అదుపులోకొస్తుంది. గూడు కట్టాక స్పైరోమెసిఫెన్ 22.9 ఎస్సీ లీటరుకు 1 మి.లీ. వాడండి. ఇక్కడ ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు ఇస్తామంటే తీసుకోకండి. అది నల్లిని చంపదు, దాన్ని తినే మిత్రపురుగులను చంపి నల్లికి మేలు చేస్తుంది.

తెగుళ్ళకి ఈ సీసా కొంటే డబ్బు దండగ. నల్లమచ్చ తెగులు కిందాకులతో మొదలవుతుంది. మచ్చ అంచు గుండ్రంగా కాక పీచుపీచుగా ఉంటుంది, చుట్టూ పసుపెక్కి ఆకు రాలుతుంది. ఆకు ఏడు గంటలు తడిగా ఉంటే శిలీంద్రం లోపలికెళ్ళగలదు, అందుకే వానల్లో, సాయంత్రం పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళ ఇళ్ళల్లో ఎక్కువ. మచ్చ ఆకులు ఏరి పారేసి, మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రా. పది రోజులకోసారి కొట్టండి.

చలికాలంలో చిగుళ్ళ మీద తెల్లపిండి చల్లినట్టుంటే బూడిద తెగులు. నీళ్ళలో కరిగే గంధకం 80 శాతం, లీటరుకు 2 గ్రా. సరిపోతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం మరవొద్దు. వేపమందు లాంటి నూనె మందుకీ గంధకానికీ మధ్య కనీసం పదిహేను రోజుల ఎడం ఉండాలి. దగ్గరదగ్గరగా కొడితే ఆకులు మాడతాయి. ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటితే గంధకం అసలు వద్దు, అంటే ఇక్కడ అది డిసెంబరు, జనవరి నెలల మందే.

కొమ్మ కొన నుంచి నల్లబడి కిందికి దిగుతుంటే ఏ పిచికారీ ఆపదు. స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో, నల్లన దాటి రెండంగుళాల కింద పచ్చి కొమ్మలోకి ఏటవాలుగా కోసి, కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను ముద్దలా కలిపి కోత మీద పూయండి.

ఇక ఎంత కొనాలన్నది. పది కుండీలకు ఒక విడతకు లీటరు ద్రావణం చాలు, అంటే 2 మి.లీ. మూడు విడతలకు 6 మి.లీ. 100 మి.లీ. సీసాయే ఎక్కువ, చవకొస్తుందని 250 మి.లీ. తీసుకోకండి. వీధిలో గులాబీలు పెంచే మరో ఇల్లుంటే ఒక్క సీసా పంచుకోండి. మిగిలింది మూత బిగించి, పిల్లలకందని చీకటి అరలో పెట్టి, కొలవడానికి ఇంట్లోవాళ్ళ మందులకు వాడని 2 మి.లీ. సిరంజిని దానికే రబ్బరుబ్యాండుతో కట్టి ఉంచండి.