డిస్‌ట్రస్ట్ అనే ఒక్క మాట పెట్టి రెండు డిక్షనరీలను చూశాను

డిక్షనరీ పనికొస్తుందో లేదో చూడాలంటే నేను పెద్ద పెద్ద మాటలు వెతకను. వాటికి చాలావరకు ఒకటే అర్థం ఉంటుంది, ఏ డిక్షనరీ అయినా చెప్పేస్తుంది. అర్థం తెలిసినట్టే ఉండి, సొంతంగా వాక్యం రాయబోతే చెయ్యి ఆగిపోయే మాటలు కొన్ని ఉంటాయి, అక్కడే దాని సత్తా తెలుస్తుంది. ఈసారి డిస్‌ట్రస్ట్ తీసుకున్నాను. దాన్ని ఫోన్లో వేసుకునే ఒక ఉచిత ఇంగ్లిష్-తెలుగు యాప్‌లోనూ, ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ వెబ్‌సైట్లోనూ వెతికాను. యాప్ పేరు చెప్పను, ఇదే పద్ధతిలో నడిచేవి ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి నేను చెప్పేది వాటన్నిటికీ వర్తిస్తుంది.

యాప్‌లో మాట కొట్టగానే వచ్చింది ఇది: అపనమ్మకం, అవిశ్వాసం, అనుమానం, సందేహం, శంక. అంతే. వాక్యం లేదు, ఏది ఎక్కడ వాడాలో లేదు. ఇందులో అపనమ్మకం ఒక్కటే సరిగ్గా అతికే మాట. అవిశ్వాసం తప్పు కాదు గానీ, ఆ మాట వినగానే మనకు గుర్తొచ్చేది అవిశ్వాస తీర్మానం, దాన్ని ఇంగ్లిష్‌లో నో కాన్ఫిడెన్స్ మోషన్ అంటారు. ఈ యాప్‌ను నమ్ముకుని తిరగేసి రాసినవాడు డిస్‌ట్రస్ట్ మోషన్ అని రాస్తాడు, అలా ఎవరూ అనరు.

అసలు గొడవ అనుమానం, సందేహం అనే రెండింటి దగ్గర ఉంది. ఇంగ్లిష్‌లో సస్పెక్ట్, డౌట్ అనే మాటలు దాదాపు ఎదురెదురు దిక్కుల్లో నడుస్తాయి. "ఐ సస్పెక్ట్ హి ఈజ్ ద థీఫ్" అంటే దొంగ వాడే అయ్యుంటాడని నా ఊహ. "ఐ డౌట్ హి ఈజ్ ద థీఫ్" అంటే వాడు దొంగ కాకపోవచ్చని. ఇక మనం మాట్లాడే తెలుగులో "వాడే దొంగని నా డౌటు" అంటాం, అంటే ఇంగ్లిష్ డౌట్‌కు తెచ్చుకున్న అర్థం సరిగ్గా తలకిందులు! తెలుగులో అది మనందరికీ అర్థమయ్యే మాటే, అందులో తప్పేమీ లేదు. కానీ అదే ధోరణిలో ఇంగ్లిష్‌లో ఒక ఫిర్యాదు రాస్తే, చదివినవాళ్లు వాడిని వెనకేసుకొస్తున్నారనుకుంటారు. ఇంత తేడా ఉన్న రెండు మాటలను తెచ్చి డిస్‌ట్రస్ట్ కింద ఒకే వరసలో పడేస్తే నేర్చుకునేవాళ్లకు మేలు కాదు, నష్టమే. డిస్‌ట్రస్ట్‌లో ఊహ ఉండదు, ప్రశ్న ఉండదు. ఈ మనిషి మాట మీద ఆధారపడలేను, ఈ సంస్థ చెప్పేది నమ్మను అనే నిలకడైన భావం అది.

ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ సంగతి. ఈ డిక్షనరీ మూలం జపాన్‌లో ఇంగ్లిష్ చెప్పిన ఎ. ఎస్. హార్న్‌బీ తయారు చేసిన పుస్తకం, ఆక్స్‌ఫర్డ్ దాన్ని 1948లో ప్రచురించింది. పుట్టుకే ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ల కోసం, ఆ శ్రద్ధ ఇప్పటికీ కనిపిస్తుంది. ఎవరినైనా, దేన్నైనా నమ్మలేని భావం అని తేలిక మాటల్లో చెప్పి, తర్వాత వాడే తీరు చూపిస్తుంది. డిస్‌ట్రస్ట్ నామవాచకమైతే వెనక "ఆఫ్" వస్తుంది. మనం "ఆయన మీద నమ్మకం లేదు" అంటాం కాబట్టి చెయ్యి తనంతట తానే "డిస్‌ట్రస్ట్ ఆన్" అని రాసేస్తుంది, ఉదాహరణ వాక్యాలు రెండు చదివితే ఆ అలవాటు వదులుతుంది. క్రియగా వాడితే ఏ ప్రత్యయమూ అక్కర్లేదు, "దే డిస్‌ట్రస్ట్ హిమ్" అంటే సరిపోతుంది. ఉచ్చారణ కూడా బ్రిటిష్, అమెరికన్ రెండూ వినొచ్చు. నామవాచకమైనా క్రియ అయినా ఒత్తు ట్రస్ట్ మీదే పడుతుంది. సస్పెక్ట్ అలా కాదు, అనుమానించడం అన్నప్పుడు చివర ఒత్తు, అనుమానితుడు అన్నప్పుడు మొదట ఒత్తు.

నాకు బాగా నచ్చింది మిస్‌ట్రస్ట్‌తో పోల్చి ఇచ్చిన గమనిక. రెండింటికీ తేడా చాలా తక్కువని మొదటే ఒప్పుకుని, డిస్‌ట్రస్ట్ ఎక్కువ వాడుకలో ఉందని, బహుశా కాస్త గట్టిదని చెబుతుంది. మోసం చేస్తున్నాడని ఖాయంగా తెలిస్తే డిస్‌ట్రస్ట్, ఇంకా లోపల ఏదో పీకుతున్నట్టుంటే మిస్‌ట్రస్ట్ వైపు మొగ్గు ఉంటుందట. లేని సరిహద్దును గీసి చూపించకుండా, ఉన్నంతవరకే చెప్పడం నిజాయితీ. చాలా గ్రామర్ పేజీలు ఇలాంటి జంటలకు కఠినమైన నియమాలు కల్పిస్తాయి, తర్వాత పేపర్లో ఆ నియమం తప్పిన వాక్యం కనిపిస్తే నేర్చుకునేవాళ్లకు టెన్షన్.

మాటలోతు ఇష్టమైనవాళ్లకు ఒక ముచ్చట. డిస్ లాటిన్ నుంచి వచ్చింది, ట్రస్ట్ స్కాండినేవియా వైపు ఒకప్పుడు మాట్లాడిన పాత నార్స్ భాష నుంచి. అపనమ్మకంలో అప సంస్కృతం, నమ్మకం అచ్చ తెలుగు. రెండు భాషలూ ఈ భావానికి ఒకేలా అతుకు వేసుకున్నాయి. డిస్‌ట్రస్ట్, మిస్‌ట్రస్ట్ రెండింటిలో ముందు పుట్టింది మిస్‌ట్రస్ట్.

ఆక్స్‌ఫర్డ్‌లోనూ లోటుంది. తెలుగు అర్థం ఉండదు, డిస్‌ట్రస్ట్‌ను ట్రస్ట్‌తోనే వివరిస్తుంది, కాబట్టి ఇంగ్లిష్ అప్పుడే మొదలుపెట్టినవాళ్లకు ఇది ఒంటరిగా చాలదు. ఇంకొకటి, మామూలు సంభాషణలో ఇంగ్లిష్ వాళ్లు ఎక్కువగా "ఐ డోంట్ ట్రస్ట్ హిమ్" అనే అంటారు, డిస్‌ట్రస్ట్ కొంచెం రాతభాష. డోంట్ ట్రస్ట్‌లో కొన్నిసార్లు నమ్మకం ఇంకా ఏర్పడలేదనే అర్థం కూడా ఉంటుంది, డిస్‌ట్రస్ట్‌లో అది ఉండదు. నాకు ఇది అన్నిటికన్నా ముఖ్యమైన వాడుక సంగతి, పేజీ మొదట్లోనే పెద్దక్షరాల్లో ఉండాల్సింది.

మళ్లీ యాప్‌కు వస్తే, సంబంధిత పదాలు అంటూ యాంటీట్రస్ట్‌ను కూడా చూపించింది. అక్కడి ట్రస్ట్ అంటే నమ్మకం కాదు, పోటీ లేకుండా చేసుకోవడానికి కలిసిన కంపెనీల కూటమి. అమెరికాలో 1890లో వచ్చిన షెర్మన్ చట్టం అలాంటి గుత్తాధిపత్యాల మీదే. అక్షరాలు కలిస్తే చాలు చుట్టాలనుకునే యంత్రం పని ఇది, మనిషి ఒక్కసారి చదివి ఉంటే తీసేసేవాడు.

అంతకన్నా బాధ కలిగించింది, డిస్‌ట్రస్ట్‌ఫుల్‌కూ అన్‌ట్రస్ట్‌వర్తీకీ రెండింటికీ "నమ్మకం లేని" అని ఇవ్వడం. తెలుగులో నమ్మకం లేని మనిషి అంటే ఎవరినీ నమ్మనివాడా, ఎవరూ నమ్మకూడనివాడా? రెండూ కావచ్చు. ఇంగ్లిష్‌లో మొదటివాడు డిస్‌ట్రస్ట్‌ఫుల్, రెండోవాడు అన్‌ట్రస్ట్‌వర్తీ. ఉద్యోగానికి ఎవరి గురించైనా సిఫారసు లేఖ రాస్తూ వీటిని తారుమారు చేస్తే, జాగ్రత్తపరుడైన మనిషి మోసగాడైపోతాడు. సస్పిషస్‌లో మాత్రం ఇంగ్లిష్ కూడా రెండు అర్థాలూ ఒకే మాటలో దాచుకుంది, అనుమానించేవాడూ సస్పిషసే, అనుమానం కలిగించేవాడూ సస్పిషసే, పక్క మాటలను బట్టి తెలుసుకోవాలి.

యాప్‌కు ఐదులో రెండు స్టార్లు. ఆ రెండూ నెట్ లేకుండా పనిచేస్తున్నందుకూ, తెలుగులో కొట్టినా వెతుకుతున్నందుకూ. చదువుతున్నప్పుడు ఒక మాట అందకపోతే గబుక్కున చూసుకోవడానికి పర్వాలేదు, రాయడానికి మాత్రం వద్దు. ఆక్స్‌ఫర్డ్‌కు నాలుగున్నర. యాప్ తయారుచేసినవాళ్లు ఇది చదివితే నేను అడిగేది పెద్దదేమీ కాదు, ఆ ఐదు తెలుగు మాటల వరసను విడగొట్టి, ఒక్కోదాని కింద ఒక్కో ఇంగ్లిష్ వాక్యం పెట్టండి, యాంటీట్రస్ట్‌ను అక్కణ్నుంచి తీసేయండి, నాలుగో స్టార్ వరకూ నేనే మార్చి పెడతాను.