తిరుపతి చుట్టుపక్కల ప్లాటు కొనేవాళ్లకు జాగ్రత్త: కాగితంలో ఒక సర్వే నంబరు, నేల మీద ఇంకొకటి

తిరుపతి చుట్టుపక్కల ఇంటి స్థలం చూస్తున్నవాళ్లు అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి. ఇక్కడ ఇరుక్కున్నవాళ్లంతా కాగితాలు చూడకుండా కొన్నవాళ్లు కాదు. రిజిస్టరైన దస్తావేజు ఉంటుంది, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) శుభ్రంగా ఉంటుంది, లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందు చేతులు మారిన దస్తావేజులు) వరసగా ఉంటాయి, కొందరికి బ్యాంకు లోను కూడా వచ్చి ఉంటుంది. ఇల్లు కట్టుకుందామని ప్లాను పెట్టినప్పుడో, పునాది తీస్తుంటే రెవెన్యూవాళ్లు వచ్చి ఆపినప్పుడో అసలు సంగతి బయటపడుతుంది. దస్తావేజులో రాసిన సర్వే నంబరు పట్టా భూమిదే. కానీ వాళ్లకు చూపించి రాళ్లు పాతిన స్థలం ఆ నంబరులో లేదు. పక్కనున్న డీకేటీలోనో (పేదలకు ప్రభుత్వం పట్టా ఇచ్చిన భూమి), వాగు పోరంబోకులోనో ఉంది.

ఇది ఎలా జరుగుతుందంటే, పట్టా భూమి ఎకరం ఉంటుంది. దాన్ని ఆనుకుని ప్రభుత్వ భూమి ఇంకో అరెకరం ఉంటుంది. రెండింటినీ కలిపి చదును చేసి, ఎర్రమట్టి తోలి, రోడ్లు వేసి ప్లాట్లు కొడతారు. రిజిస్ట్రేషన్లన్నీ పట్టా నంబరు మీదే చేస్తారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూసేది దస్తావేజులో రాసిన నంబరునే కాబట్టి 22-ఎ నిషేధిత జాబితాలోనూ (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) అది తగలదు. ఈసీలో కనిపించేది రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. పోరంబోకు మీద ఎవరూ ఏమీ రిజిస్టర్ చేయించరు కాబట్టి ఆ నేల గురించి ఈసీ ఏమీ చెప్పలేదు. బ్యాంకు వ్యాల్యూయరు కూడా మనకు చూపించిన చోటుకే వచ్చి, అదే ఫొటో తీసుకుని పోతాడు. అందుకే 'లోను ఇచ్చారంటే టైటిల్ క్లియర్' అనే మాట నమ్మబాకండి.

దీన్ని పట్టుకోవడానికి ఇంట్లో కూర్చుని వేయగల లెక్క ఒకటుంది. ఎకరం అంటే 4,840 గజాలు. తిరుపతిలో అంకణం 36 చదరపు అడుగులు, అంటే 4 గజాలు. ఆ లెక్కన ఎకరానికి 1,210 అంకణాలు. రోడ్లకు, ఖాళీ స్థలానికి కనీసం మూడో వంతు పోతుంది. మిగిలే 800 అంకణాల్లో 50 అంకణాల ప్లాట్లు 16 వస్తాయి. బ్రోచర్‌లో ఆ ఎకరానికి 22 ప్లాట్లు కనిపిస్తే వాటికే 1,100 అంకణాలు కావాలి. రోడ్లకు మిగిలేది 110. అలాంటి లేఅవుటు ఎకరంలో పట్టదు, ఎక్కడో పక్కకు జరిగి ఉంటుంది. తొలి లింకు డాక్యుమెంటులోని విస్తీర్ణం, బ్రోచర్‌లోని ప్లాట్ల మొత్తం పక్కపక్కన పెట్టి చూడండి.

అంకణం దగ్గర ఇంకో జాగ్రత్త. నెల్లూరు వైపు అంకణం అంటే 72 చదరపు అడుగులు. అటునుంచి వచ్చి కొనేవాళ్లు ధర విని చవకని పొరబడతారు. అగ్రిమెంటులో అంకణాలతో పాటు గజాలు, నాలుగు వైపుల కొలతలు అడుగుల్లో రాయించుకోండి.

ఇక కాగితాల పని. లింకు డాక్యుమెంట్లను కొత్తదాని నుంచి పాతదానికి చదువుకుంటూ పోండి. చూడాల్సింది అమ్మినవాళ్ల పేర్లే కాదు, చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దులు) కూడా. పాత దస్తావేజులో 'ఉత్తరం: కాలువ పోరంబోకు' అని ఉండి, కొత్తదాంట్లో అదే ఉత్తరాన 'ప్లాటు నంబరు 14' అని ఉంటే, ఆ కాలువ ఎటు పోయిందని అడగాలి. కాలువలు కాగితంలో మాయమైనంత తేలిగ్గా నేల మీద మాయం కావు. పూడ్చేసినా పెద్ద వానకు నీళ్లు మళ్లీ అదే దారి పడతాయి. హద్దుల్లో దారి, కాలువ, గుట్ట, చెరువు అనే మాట ఎక్కడ కనిపించినా అక్కడ ఆగి మళ్లీ చదవండి.

తర్వాత తాసిల్దారు కార్యాలయంలో ఆర్‌ఎస్‌ఆర్ నకలు తీసుకోండి. ఏ సర్వే నంబరు మొదట ఏ రకం భూమిగా నమోదైందో చెప్పే పాత రిజిస్టరు ఇది, పాతవాళ్లు డైగ్లాట్ అంటారు. మీ సర్వే నంబరుకు మాత్రమే కాకుండా దాన్ని ఆనుకున్న నంబర్లన్నిటికీ తీయించాలి, అసలు కిటుకు అక్కడే ఉంది. రైతువారీ పట్టా అని ఉంటే ఒక మెట్టు ఎక్కినట్టే. అనాధీనం, మేత పోరంబోకు, వాగు పోరంబోకు, ఇనాం అని ఉంటే ఆ హద్దు వైపు ప్లాటు ముట్టుకోకండి. మీభూమి వెబ్‌సైటులో కనిపించే 1-బి, అడంగల్ ఇప్పటి పేర్లు చూపిస్తాయి, భూమి పుట్టుక చెప్పవు. రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నంబరు స్థానంలో కొత్త భూ పటం నంబరు, అంటే ఎల్‌పీఎం నంబరు ఉంటుంది. ఏ పాత నంబరు ఏ ఎల్‌పీఎం అయిందో రాతపూర్వకంగా తీసుకోకపోతే లింకు డాక్యుమెంట్లకూ కొత్త రికార్డుకూ ముడి తెగిపోతుంది.

ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే నంబరు కొలతల పటం) కూడా తీసుకోండి. పాత ఎఫ్‌ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. 100 లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు. స్కెచ్‌లో ఒక పక్క 250 అని ఉంటే అది 165 అడుగులు. దాన్ని 250 అడుగులని చూపించి పక్క భూమిలోకి జరిపే బ్రోకర్లు ఉన్నారు. కొన్ని కొత్త స్కెచ్‌లు మీటర్లలో ఉంటాయి కాబట్టి ఏ కొలమానమో ముందు అడగండి. ఈ స్కెచ్ పట్టుకుని, మూడు సర్వే నంబర్లు కలిసే చోటున్న పాత రాయి నుంచి టేపు వేయాలి. వెంచరువాళ్లు నిరుడు పాతిన సిమెంటు రాయి నుంచి కొలిస్తే అది వాళ్ల లెక్కే అవుతుంది.

సర్వే విషయంలో ఖాయమైన దారి ఎఫ్-లైన్ దరఖాస్తు. సచివాలయంలోనో మీసేవలోనో పెడితే ప్రభుత్వ సర్వేయరు పక్క భూములవాళ్లకు నోటీసులిచ్చి హద్దులు చూపిస్తాడు. ఇది పట్టాదారు పేరుతో వెళ్లాలి, అంటే అమ్మేవాళ్లే పెట్టాలి. 'రిజిస్ట్రేషన్ అయ్యాక చూసుకుందాంలే' అని దాటవేస్తే బేరం అక్కడితో ఆపేయండి. హద్దు సరిగ్గా ఉన్నవాళ్లకు సర్వేయరు వస్తే పోయేదేమీ లేదు.

డీకేటీ గురించి ఇక్కడ రోజుకో మాట వినిపిస్తుంది. 1977 చట్టం ప్రకారం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి అమ్మితే ఆ అమ్మకం చెల్లదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. 18-06-1954కు ముందు ఇచ్చిన పట్టాలకు, పదేళ్లు దాటిన మాజీ సైనికుల పట్టాలకు మినహాయింపు ఉంది. ఆ పేరు చెప్పి వేరే పట్టాలు చూపిస్తుంటారు కాబట్టి పట్టా ఇచ్చిన తేదీ, ఎవరికిచ్చారు, ఫైలు నంబరు మూడూ ఎమ్మార్వో ఆఫీసులో సరిచూడాలి. 20 ఏళ్లు దాటింది, ఫ్రీహోల్డ్ అయిందంటారు ఇంకొందరు. ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లను 2024లో ప్రభుత్వం ఆపి మళ్లీ పరిశీలన చేపట్టింది. 22-ఎ జాబితాలో ఇవాళ్టి స్థితి చూడకుండా ఆ మాట మీద డబ్బు పెట్టకండి. వెతికేటప్పుడు ఉపవిభాగంతో ఒకసారి, ఉత్త సర్వే నంబరుతో ఒకసారి, ఆనుకున్న నంబర్లతో ఒకసారి చూడండి.

మఠం భూములది ఇంకో కథ. తిరుపతి చుట్టూ హథీరాంజీ మఠానికి, దేవాలయాలకు చెందిన భూములున్నాయి. 1987 దేవాదాయ చట్టం 80వ సెక్షను ప్రకారం కమిషనర్ ముందస్తు అనుమతి లేని అమ్మకం చెల్లదు. ఇలాంటి చోట ఇళ్లు నోటరీ అగ్రిమెంటు మీద, స్వాధీనం మాట మీద చేతులు మారుతుంటాయి. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, కుళాయి కనెక్షను చూపించి 'ముప్పై ఏళ్లుగా ఉంటున్నాం' అంటారు. అది నిజమే కావచ్చు. కానీ ఆ మూడూ హక్కుపత్రాలు కావు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్మకమూ అంతే, దాంతో యాజమాన్యం బదలాయింపు కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవ్డ్ అన్న బోర్డు చూస్తే ఎల్పీ (లేఅవుటు అనుమతి) నంబరు అడిగి, ఆమోదించిన ప్లాను నకలు తుడా ఆఫీసులోనే సరిచూడండి. లేఅవుటు పనులు పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు తనఖాలో ఉంటాయి. మీ ప్లాటు నంబరు వాటిలో ఉందేమో తప్పక చూడాలి, విడుదల కాగితం లేకుండా కొనకూడదు. పార్కు కోసం వదిలిన స్థలాన్ని తర్వాత ప్లాట్లు చేసి అమ్మడం కూడా ఉంది. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటుకు, ఎనిమిది దాటిన ఫ్లాట్లకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉండాలి. రెరా పరిధిలోకొచ్చే ప్రాజెక్టులో అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా 10 శాతం మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఫ్లాటు అయితే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అవిభాజ్య స్థలం వాటా, ప్లానులో ఎన్ని అంతస్తులకు అనుమతి ఉందో, కట్టినవి ఎన్నో చూసుకోండి.

కాగితం ఎంత సరిగ్గా ఉన్నా నీళ్ల దారిలో ఉన్న ఇల్లు ఇల్లు కాదు. శేషాచలం వాలు మీద పడిన వాన తిరుపతి మీదుగా చెరువులకు, స్వర్ణముఖికి దిగుతుంది. మధ్యలో కాలువలు ఇరుకైపోయాయి. 2021 నవంబరు వానలకు ఆటోనగర్, ఎంఆర్ పల్లి, లీలామహల్ సర్కిల్ వైపు వీధులు మునిగాయి. స్థలం చూడ్డానికి ఎండాకాలంలో మాత్రమే పోకండి. పెద్ద వాన పడిన మర్నాడు పొండి. పాత కాంపౌండు గోడల మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో, పక్కిళ్లవాళ్లు గడపలు ఎంత లేపుకున్నారో, రోడ్డు ఇంటికంటే ఎత్తులో ఉందో చూడండి. కిరాణా కొట్టులో అడిగితే ఆ నవంబరులో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చేయి పెట్టి చూపిస్తారు. బిల్డింగ్ రూల్సు ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు ఎఫ్‌టీఎల్ (నిండు నీటి మట్టం) నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు, పది మీటర్ల లోపు వాగుకు 2 మీటర్లు వదలాలి. ఆ దూరం తీసేశాక మీ ప్లాటులో ఇల్లు కట్టడానికి ఎంత మిగులుతుందో లెక్క చూసుకోండి. పైన హెచ్‌టీ కరెంటు లైను పోతుంటే 132 కేవీకి మొత్తం 27 మీటర్ల వెడల్పు వదలాలి.

తాగునీరు కార్పొరేషన్ కుళాయా, పంచాయతీ బోరా, ట్యాంకరా అన్నది మే నెలలో తెలుస్తుంది. పక్కింటి బోరు ఎన్ని అడుగులు వేశారో, ఎండాకాలంలో ఎన్ని గంటలు పోస్తుందో అడగండి. కొండ దిగువన స్థలమైతే అటవీ హద్దు రాయి ఎక్కడుందో చూడండి, చిరుతలు తిరిగే వైపు అయితే రాత్రి డ్యూటీవాళ్లకు, చిన్న పిల్లలున్నవాళ్లకు అది చిన్న విషయం కాదు. అలిపిరి, తిరుచానూరు దారుల్లో అయితే శనివారం రాత్రి ఒకసారి, బ్రహ్మోత్సవాల్లో ట్రాఫిక్ మళ్లించినప్పుడు ఒకసారి వెళ్లి చూడండి. ఇల్లు అనుకున్నవి యాత్రికులకు రోజు అద్దెకిచ్చే గదులుగా మారిన వీధులు చాలా ఉన్నాయి.

డబ్బు విషయంలో ఒక్కటి గట్టిగా చెబుతున్నాం. ఇచ్చిన ధర మొత్తం దస్తావేజులో రాయించండి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం మిగుల్చుకుందామని 30 లక్షల స్థలాన్ని 12 లక్షలకు రాయిస్తే, రేపు టైటిల్ పోయినప్పుడు కోర్టులో చూపించగలిగేది ఆ 12 లక్షలే. అగ్రిమెంటులో 'ఎఫ్-లైన్ సర్వేలో స్థలం సదరు సర్వే నంబరులో లేదని తేలితే అడ్వాన్సు మొత్తం తిరిగి ఇవ్వాలి' అన్న షరతు తేదీతో సహా ఉండాలి. ఈసీ 1983 నుంచి ఆన్‌లైన్‌లో వస్తుంది. అంతకు ముందుది ఆఫీసులో వెతికించాలి. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున మళ్లీ ఒకసారి తీయండి.

ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి అనుమానం వచ్చినవాళ్లు మిగతా వాయిదా ఆపి, సర్వే కోరుతూ అమ్మినవాళ్లకు రసీదు వచ్చేలా పోస్టులో లాయరు నోటీసు పంపండి. ఫోనులో మాట్లాడి ఊరుకోకండి. రిజిస్ట్రేషన్ కూడా అయిపోయి ఉంటే ముందు ఆర్‌ఎస్‌ఆర్, ఎఫ్‌ఎంబీ నకళ్లు తీసి, అదే వెంచరులో కొన్న మిగతావాళ్లను కలుపుకోండి. రెరా పరిధిలోకొచ్చే లేఅవుటైతే రెరాకు ఫిర్యాదు, పోరంబోకును పట్టాగా చూపి అమ్మితే పోలీసు ఫిర్యాదు, డబ్బు కోసం సివిల్ దావా, మూడూ వేర్వేరు దారులు. సివిల్ దావాకు గడువు ఉంటుంది కాబట్టి మోసం తెలిసిన తేదీ రుజువయ్యేలా సర్వేయరు రిపోర్టును, రెవెన్యూ నోటీసును తేదీతో భద్రపరచండి. అక్కడ కొత్తగా ఒక్క ఇటుక కూడా పెట్టకండి.