డిజైర్ డీజిల్: క్లచ్ ఎన్నాళ్లొస్తుంది, టైమింగ్ చైన్ ఎన్నాళ్లొస్తుంది?

విజయవాడలో ట్రావెల్స్ నడుపుతున్నాను. నా దగ్గర రెండు డీజిల్ డిజైర్లున్నాయి, రెండూ 2015 మోడలే. ఒకటి నేనే తోలతాను, ఎక్కువగా హైదరాబాద్ హైవే మీద. రెండోది డ్రైవర్ చేతిలో, లోకల్ ట్రిప్పులకి. మైలేజీ, ఏసీ, డిక్కీ సంగతులు ఇప్పటికే అందరూ రాశారు. ఈ బండి సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు నన్నడిగేది క్లచ్, చైన్ గురించే కాబట్టి ఆ రెండే చెబుతా.

హైవే బండికి కంపెనీ క్లచ్ 1,30,000 కిలోమీటర్లు దాటాక గానీ జారలేదు. లోకల్ బండికి 60,000కే పోయింది. మోడల్ ఒకటే, తేడా అంతా ఎడమకాలిది. మావాడు బెంజి సర్కిల్ దగ్గర ఆగితే ఫస్ట్ గేర్‌లోనే క్లచ్ తొక్కిపట్టి కూర్చుంటాడు. దుర్గగుడి ఘాట్ ఎక్కేటప్పుడు హాఫ్ క్లచ్ మీదే, అంటే పెడల్ సగం తొక్కి, బండి నిలబెడతాడు. "హ్యాండ్‌బ్రేక్ లాగరా" అంటే "ఎనక్కి దొర్లుద్దన్నా" అంటాడు!

థర్డ్ గేర్‌లో వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి చూడండి. ఇంజన్ అరుస్తుంది గానీ బండి వేగం అందుకోదంటే క్లచ్ అయిపోయినట్టే. మార్పిస్తే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపే వేయించండి. ఆటోనగర్‌లో ఒక షెడ్డువాళ్లు బేరింగ్ బాగానే ఉందని పాతదే బిగించారు. కొన్నాళ్లకే పెడల్ తొక్కితే కీచుమనడం మొదలై, మళ్లీ గేర్‌బాక్స్ దించాల్సొచ్చింది. చిన్న బేరింగ్‌కి రెండోసారి పూర్తి లేబర్.

ఇక టైమింగ్ చైన్, అంటే పిస్టన్ల కదలికకి తగ్గట్టు వాల్వులు తెరుచుకుని మూసుకునేలా చూసే గొలుసు. ఈ 1.3 లీటర్ ఇంజన్ ఫియట్ మల్టీజెట్, లైసెన్సు తీసుకుని మారుతి ఇక్కడే తయారుచేసింది. బెల్టు ఇంజన్లకి లాగా ఇన్ని వేలకి మార్చాలన్న లెక్క దీనికి లేదు. అలాగని ఎలా వాడినా ఉంటుందని కాదు. చైన్‌ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తుంది. ఆయిల్ మసిబారి చిక్కబడితే దానికి ప్రెషర్ సరిగ్గా అందదు. లింకుల పిన్నులు అరిగి చైన్ సాగుతుంది. మరీ సాగి అది తిరిగే చక్రాల పళ్లు దాటిందా, వాల్వులు వెళ్లి పిస్టన్లకి కొట్టుకుంటాయి, హెడ్ పని తప్పదు. కంపెనీ 10,000కి ఆయిల్ మార్చమంటుంది. లోకల్ బండికి నేను 7,500కే మారుస్తాను. మీటర్ తిరక్కపోయినా ఏసీ వేసుకుని ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది కదా. రెండు బండ్లూ 2 లక్షలు దాటాయి, ఇంతవరకూ చైన్ జోలికి పోలేదు.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ కాలుష్య నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ ఆపేసింది, కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ వాడినవే. చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే రేపొస్తామని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గరగరమని చప్పుడొచ్చి, ఆ చప్పుడు ఆగిపోతే, చైన్ కిట్ ఖర్చు బేరంలో తగ్గించమనండి. ఆగకుండా వస్తూనే ఉంటే ఆ బండి మనకొద్దు.